పంతులుకు పాఠం చెప్పే తీరిక ఇవ్వండి

జహీరాబాద్: పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులను మెచ్చుకునేవారు కొందరు, నిందించేవారు ఎందరో. మిగిలిన ఏడాదంతా ఆ ఉపాధ్యాయుడు ఏ మనసుతో పని చేస్తున్నాడో అడిగేవారే లేరు.

జీతాలు పెరిగాయి కదా, ఇంకా అసంతృప్తి ఏమిటని ప్రజలు అడగడం సహజం. కూలినాలి చేసుకునేవారి కంటికి అది పెద్ద జీతమే. కాని తృప్తి జీతంతోనే రాదు. చెప్పిన పాఠం పిల్లవాడి తలకెక్కినప్పుడు వస్తుంది. అందుకు తీరిక, స్థిమితం కావాలి. ఇప్పుడు ఆ రెండూ కరువయ్యాయి.

2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో ప్రకారం ఉపాధ్యాయులను సీనియారిటీని బట్టి కొత్త జిల్లాలకు పంచినప్పుడు, రాష్ట్రంలో ఎందరో జూనియర్లు సొంత జిల్లాను వదలవలసి వచ్చింది. ఎనిమిదో తరగతి వరకు బోధించేవారిలో ఐదేళ్ళకు మించి సర్వీసు మిగిలి ఉన్నవారు రెండేళ్ళలో టెట్ పాసు కావాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దానితో తల నెరిసిన పంతుళ్ళకు కూడా పరీక్ష బెంగ పట్టుకుంది.

జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప మరే బోధనేతర పనీ ఉపాధ్యాయులకు అప్పగించరాదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. అయినా మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ వివరాలు వారి మెడకే చుట్టుకుంటున్నాయి.

2025 ఆగస్టు 1 నుంచి సెల్‌ఫోనుకు ముఖం చూపి హాజరు వేసే పద్ధతి వచ్చింది. బడి ఎగ్గొట్టి ప్లాట్ల బేరాలు, చిట్టీల వ్యాపారాలు చేసేవారికి ముకుతాడు వేయవలసిందే. వారిని ఎవరూ సమర్థించరు. అయితే పంతులు బడికి వచ్చాడని యంత్రం చెబుతుంది గాని, పాఠం చెప్పాడని చెప్పలేదు.

కర్ణాటక సరిహద్దున ఉన్న ఈ ప్రాంతంలో పంతులు పని మరింత బరువైనది. ఇంట్లో ఉర్దూ, కన్నడం, లంబాడీ మాట్లాడే పిల్లలు కూడా ఇక్కడి బడులకు వస్తారు. వారికి వాచకం అర్థమయ్యేలా చెప్పాలి. చెరకు కోతల కాలంలో బడి మానిన పిల్లవాణ్ణి ఇంటికి వెళ్ళి పిలుచుకు రావాలి. తొమ్మిదో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివేవాడికి మళ్ళీ ఓనమాల నుంచి నేర్పాలి. ఈ శ్రమ హాజరులోనూ కనబడదు, ఉత్తీర్ణత శాతంలోనూ కనబడదు. ఎవరూ గుర్తించని పనిని ఎంతటివాడైనా క్రమంగా మానుకుంటాడు. అప్పుడు నష్టపోయేది ప్రైవేటు ఫీజు కట్టలేని కుటుంబాలే.

తనిఖీకి వచ్చే అధికారులు రిజిస్టర్లు తిరగేయడంతో సరిపెట్టక, ఒక పీరియడు తరగతిలో కూర్చుని పాఠం వినాలి. బాగా చెప్పినవారిని అక్కడే మెచ్చుకోవాలి. ప్రతి ఉన్నత పాఠశాలలోనూ లెక్కల పనికి ఒక గుమాస్తా ఉండేలా చూడాలి. ఆ పైన పాఠం చెప్పని పంతులును నిలదీసే హక్కు ప్రభుత్వానికీ, తల్లిదండ్రులకూ తప్పక ఉంటుంది.