సాలెదారం పట్టుకుంది, కానీ...

బొమ్మల కథల్లో పైనుంచి పడిపోతున్నవారిని వీరుడు చటుక్కున పట్టుకోవడం మీరెన్నిసార్లు చూడలేదు! పట్టుకున్నాడంటే బతికినట్టే. ఎంత వేగంతో పడుతున్నారు, ఎంతసేపట్లో ఆపాడు అని ఎవరూ అడగరు. 1973లో అమెరికాలో వెలువడిన 'అమేజింగ్ స్పైడర్‌మాన్' 121వ సంచిక మాత్రం ఆ లెక్క అడిగింది. అందుకే ఇన్నేళ్ళ తర్వాతైనా దాన్ని మీకు పరిచయం చేయాలనిపించింది.

కథ జెర్రీ కాన్వేది, బొమ్మలు గిల్ కేన్‌వి. గ్రీన్ గాబ్లిన్ అనే దుర్మార్గుడు స్పైడర్‌మాన్ స్నేహితురాలు గ్వెన్‌ను వంతెన స్తంభం మీంచి కిందికి పడదోస్తాడు. నీటిని తాకకముందే స్పైడర్‌మాన్ విసిరిన సాలెదారం ఆమె కాళ్ళను పట్టేస్తుంది. తీరా పైకి లాగి చూస్తే ఆమెలో ప్రాణం లేదు! దారం బిగిసిన బొమ్మలో ఆమె మెడ పక్కన 'స్నాప్' అని చిన్న శబ్దం రాసి ఉంటుంది. గబగబా పేజీలు తిప్పేవారికి అది కనబడదు.

ఇప్పుడు పలక తీయండి. 80 మీటర్లు పడ్డదనుకుందాం. గాలి నిరోధాన్ని వదిలేస్తే, 4 సెకన్లలో వేగం సెకనుకు 40 మీటర్లవుతుంది. అంటే గంటకు 144 కిలోమీటర్లు! దాన్ని అర సెకనులో ఆపితే శరీరంలో ప్రతి భాగమూ 9 రెట్లు బరువెక్కినట్టే. తలకిందులుగా వేలాడుతున్న మనిషి తల బరువు 5 కిలోలనుకోండి. మెడను 45 కిలోలు ఒక్క కుదుపున లాగుతాయన్నమాట. దారం ఇంకా త్వరగా బిగిస్తే ఇంకా ఎక్కువ.

అదే సగం దూరంలోనే అందుకుని, మిగతా 40 మీటర్లూ దారం వదులుతూ మెల్లగా ఆపి ఉంటే? రెండు రెట్లే! క్రికెట్ బంతిని పట్టేవాడు చేతులు వెనక్కి తీసుకునేదీ, కొండలెక్కేవారు సాగే నైలాను తాళ్ళు కట్టుకునేదీ ఇందుకే. స్పైడర్‌మాన్‌కు బలం తక్కువై కాదు, దారం సాగనివ్వక పొరబడ్డాడు. మహాబలుడికీ గురుత్వాకర్షణ మినహాయింపు ఇవ్వని కథ ఇది. నాకు నచ్చింది అదే.

నచ్చనివీ ఉన్నాయి. అంత ఎత్తునుంచి పడితే కిందికి చేరకముందే ప్రాణం పోతుందంటాడు గాబ్లిన్. శుద్ధ అబద్ధం! పారాచూట్ వీరులు అంతకు ఎన్నో రెట్లు పడి, నవ్వుతూ దిగుతున్నారు. పడటం చంపదు, ఆగే తీరు చంపుతుంది. తర్వాత ఒక సంచికలో, ఉత్తరాల పేజీలో, హఠాత్తుగా ఆగిన కుదుపే కారణమని సంపాదకులు ఒప్పుకున్నారు. ఆ మాట కథలోనే ఉండాల్సింది. పాపం, గ్వెన్‌కు వంతెన మీద ఒక్క మాటైనా లేదు. స్పృహ తప్పి పడి ఉండటమే ఆమె పని.

ఇంకో తమాషా. కథలో రాసింది జార్జి వాషింగ్టన్ వంతెన. బొమ్మ మాత్రం బ్రూక్లిన్ వంతెనలా ఉంది! బ్రూక్లిన్ స్తంభాలు నీటినుంచి సుమారు 84 మీటర్లు, జార్జి వాషింగ్టన్‌వి 184. నా లెక్క బొమ్మను బట్టి వేసింది. రచయిత మాటే నిజమనుకుని, సగం దూరంలో అందుకునే లెక్క మీరు మళ్ళీ వేయండి. ఎన్ని రెట్లు వచ్చిందో చూసి ఆశ్చర్యపోతారు.