గోదాములో చీర.. మగ్గంపై భారం

భూదాన్‌పోచంపల్లి: పట్టుచీర మగ్గం దిగినంత మాత్రాన నేతన్న కష్టం ఫలించినట్లు కాదు. కొనుగోలుదారు చేతికి చేరేవరకు అది ఎంత భద్రంగా ఉంటుందన్న దానిపైనే అతని తదుపరి పని ఆధారపడి ఉంటుంది. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్‌కూ ఇదే వర్తిస్తుంది.

మగ్గం ఏడాది పొడవునా ఆడుతుంది. అమ్మకాలు మాత్రం పెళ్లి ముహూర్తాలు, శ్రావణ మాసం, పండుగల చుట్టూనే సాగుతాయి. ఆషాఢంలో నేసిన చీర కొంతకాలం నిల్వ ఉండక తప్పదు.

తేమే శత్రువు
ధాన్యం బస్తాల్లా పట్టును పేర్చి ఉంచితే కుదరదు. తేమ తగిలితే బూజు పడుతుంది, జరీ నల్లబడుతుంది. ఎండ సోకితే రంగు వెలుస్తుంది. ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంటే అక్కడే పోగు తెగుతుంది. నూలుగుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు మడత మార్చాలి. ముందు వచ్చిన చీర ముందే బయటకు వెళ్లేలా ప్రతి చీరకూ సంఖ్య, తేదీ నమోదు చేయాలి.

నిలిచేది పెట్టుబడే
నిల్వ పేరుకుంటే పట్టునూలు, జరీ, రంగులు, కూలిపై పెట్టిన సొమ్ము స్తంభిస్తుంది. వడ్డీ మాత్రం ఆగదు. కొత్త నూలు కొనలేక సహకార సంఘం పని తగ్గిస్తే మొదట పస్తులుండేది నేత కుటుంబమే.

2007 నాటి గిడ్డంగుల చట్టం గోదాము రశీదుకు విలువ కల్పించింది. దానిపై రైతులు రుణం పొందుతున్నారు. సంఘాలు ఉమ్మడిగా మంచి గోదాము నిర్మించుకొని, బీమా చేయించి, చీరల నిల్వపైనా ఇటువంటి రుణం పొందగలిగితే మగ్గం ఆగదు. అమ్మకాల ప్రచారంతోపాటు నిల్వ వసతిపైనా పాలకులు దృష్టి సారించాలి.