కవర్లకు డబ్బు ఉంది, పాటలకు లేదా?

కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, ఓపికగా చదవండి.

పెద్దవాళ్ళకు ఇచ్చిన చిన్న పాటల ప్లేయర్లకు సిలికోన్ కవర్లు కొనాలని, వాటిమీద సంఘం ముద్ర వేయించాలని మాట నడుస్తోంది. పోదనూరులో రైల్వే నుంచి రిటైరైన మేము కొందరం కూర్చుని మాట్లాడుకున్నాం. మాకు ఇది సమ్మతం కాదు. ఎందుకో చెప్తాం.

2001లో వచ్చిన మొదటి ఐపాడ్ లోపల తిరిగే హార్డ్ డిస్కు ఉండేది. కింద పడితే డిస్కు పోవచ్చు, దానితో పాటలూ పోవచ్చు. అప్పుడు మెత్తని కవరుకు అర్థం ఉంది. 2005లో షఫుల్, నానో వచ్చాయి. వాటిలో తిరిగేది ఏమీ లేదు, అంతా చిప్పే. ఇప్పుడు మన పెద్దవాళ్ళ చేతుల్లో ఉన్నవీ ఆ రకమే. పడితే మూల నలుగుతుంది, అద్దం పగలచ్చు. పాట అంత సులువుగా పోదు. ఐపాడ్ తయారీనే 2022లో ఆపేశారు, కవరు మోజు మాత్రం సెల్‌ఫోన్లకు ఎక్కి కూర్చుంది.

సిలికోన్ వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. కవరుతోనే చార్జింగ్ పెడితే ఆ వేడి లోపలి లిథియం బ్యాటరీకి తగులుతుంది. బ్యాటరీ ఆయుస్సు తగ్గించేది వేడే. దుమ్ము, నూలుపోగు ఆ రబ్బరుకు ఇట్టే అంటుకుంటాయి. మిల్లుల ఊరు కోయంబత్తూరులో ఉండేవాళ్ళకు నూలు దుమ్ము గురించి వేరే చెప్పాలా? ఇక సిలికోన్ అని చెప్పి అమ్మే అద్దంలాంటి కవర్లు చాలావరకు టీపీయూ అనే ప్లాస్టిక్. వాడేకొద్దీ పసుపుపచ్చగా అవుతాయి. వాటిమీదా మన సంఘం ముద్ర?

చేయి వణికే పెద్దవాళ్ళకు కవరు పట్టు ఇస్తుంది, నిజమే. అట్లాంటివాళ్ళకు కొనిపెట్టండి, మేము వద్దనం. అందరికీ ఎందుకు?

అసలు పోయేది ఏదో చూడండి. 2017లో కారవాన్ అని పెట్టెలో 5000 పాటలు నింపి అమ్మారు. మన ఇళ్ళలోనూ కొన్నారు, వింటున్నారు, సంతోషం. కానీ అవ్వ పాడే నలుగు పాట ఏ కంపెనీ పెట్టెలో ఉంది? తొట్టిల పాట ఎవరు నింపి ఇస్తారు? మనం బడిలో చదివింది తమిళం. ఇంట్లో మాట్లాడేది తెలుగు. మనలో చాలామందికి ఆ అక్షరాలు రావు, మనవళ్ళకు అసలే రావు. అవ్వ పాటను పుస్తకంలో రాసిపెట్టినా చదివేవాళ్ళు లేరు. మనకు చెవితో వచ్చింది చెవితోనే పోవాలి. పాడేవాళ్ళు ఏడాదికి ఒకరిద్దరు తగ్గుతున్నారు. వాళ్ళకు ఏ కవరు వేస్తాం?

ఖర్చు లెక్క కూడా చెప్తాం. 128 కేబీపీఎస్ ఎంపీ3లో ఒక నిమిషం పాటకు సుమారు 1 ఎంబీ. అయిదు నిమిషాల పాట 5 ఎంబీ. 8 జీబీ కార్డులో దాదాపు 1600 పాటలు పడతాయి. మన అవ్వలందరి పాటలూ కలిపినా ఒక కార్డు నిండదు.

"కవరుమీద పేరుంటే సంఘానికి గుర్తింపు" అంటున్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఒక మనవరాలు తన ముత్తవ్వ గొంతు వింటే, అది ఏ సంఘం చేసిన పనో అడగదా? దానికి మించిన గుర్తింపు ఏముంది?

మేము అడిగేది మూడే. కవర్ల ఖర్చు ఆపండి. ఆ డబ్బుతో కార్డులు కొని, ఆదివారాల్లో ఇంటింటికీ పోయి పాటలు రికార్డు చేయండి. ప్రతి కార్డుకూ రెండు నకళ్ళు తీసి వేర్వేరు ఇళ్ళలో పెట్టండి. పోదనూరు సిగ్నల్ వర్క్‌షాపులో పనిచేసి దిగినవాళ్ళు మనలోనే ఉన్నారు, యంత్రం సంగతి వాళ్ళు చూసుకుంటారు. పేరు, ఊరు, ఏ సందర్భంలో పాడతారో రాసిపెట్టే గుమాస్తా పని మాది.

వచ్చే కూటంలో ఇదే అడుగుతాం. కవర్లే కావాలనేవాళ్ళు అక్కడ లేచి సమాధానం చెప్పండి.