తప్పంతా చవక మిషన్‌దేనా?



చవక ప్రెషర్ వాషర్ కొనడం డబ్బు దండగన్న గత సంచిక వ్యాసంతో ఏకీభవించలేను. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే బార్ల అంకె గరిష్ఠ ఒత్తిడి మాత్రమే. పనిచేసే ఒత్తిడి ఎంత, నిమిషానికి ఎన్ని లీటర్లు అన్నవి చూసి కొనాలి. మా వైపు బోరు నీళ్లే గతి. నీళ్లు లోపలికెళ్లే చోట ఉండే చిన్న జాలీ విప్పి చూడండి, ఇసుక, తెల్లటి సున్నపు పొర పేరుకుని ఉంటాయి. అది మూసుకుపోతే పంపుకు నీరందక సీళ్లు పాడవుతాయి. పని అయ్యాక స్విచ్ ఆపి, కొళాయి కట్టేసి, గన్ నొక్కి లోపలి ఒత్తిడి వదిలేయాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎర్తింగ్ లేని ప్లగ్గులో దీన్ని పెట్టనే కూడదు. తడి నేల మీద నిలబడి చేసే పని కదా! ఆ హెచ్చరిక వ్యాసంలో ఒక్క ముక్కైనా లేదు. దయచేసి వచ్చే సంచికలో వేయండి.

– ఒక పాఠకుడు, ఒంగోలు