నడుము సూదిని తిట్టింది చాలు

మా వదినకు 24 ఏళ్ళు. బిడ్డ పుట్టి పద్నాలుగు నెలలయింది. పోయిన నెల టౌనులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమెను గర్భసంచి తీయించుకోమన్నారు. జబ్బేంటంటే నడుము నొప్పి. స్కానింగు తీసి, సంచి వాచిందని కాగితం రాసిచ్చి, ఎంత తొందరగా తీయిస్తే అంత మంచిదన్నారు. మా అన్న అప్పు కోసం తిరగడం మొదలుపెట్టినాడు. టమాటా తోటలకు కూలోళ్ళను తోలే మేస్త్రి దగ్గర ముందు డబ్బు తీసుకునేది, తర్వాత మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పని చేసి తీర్చేది అని మాట కూడా అయిపోయింది. అంటే నడుము నొప్పి పోవడానికని నడుము వంచే పనికే తాకట్టు పడడం. ఈ లెక్క ఎక్కడో తప్పుతోందని మీకు అనిపించలేదా?

వదిన ఒప్పుకున్నాకనే ఇది రాస్తున్నా. "నా పేరొద్దు, సంగతి మాత్రం రాయి" అనింది.

ఈ పేజీలో మనం భూమి గురించి రాస్తాం, కుల పత్రాల గురించి రాస్తాం, ఆధార్ లేని యానాది కుటుంబాల గురించి రాస్తాం. నడుము నొప్పి మీద కూడా పోస్టా అని కొందరు నవ్వుతారని తెలుసు. నవ్వే ముందు ఒక పని చేయండి. మదనపల్లె చుట్టూ తండాలకు పోండి, పుంగనూరు చుట్టుపక్కల యానాది కాలనీలకు, కుప్పం పక్క ఎరుకల ఇండ్లకు పోండి. ఆపరేషను కాన్పయిన ఆడమనిషిని నడుము ఎట్లుందని అడగండి. పదిమందిలో ఎక్కువమంది నోట ఒకటే మాట వస్తాది: "నడుముకు సూదేసినారు కదబ్బా, అప్పట్నుంచీ ఇంతే."

నేను కూడా డిగ్రీ చదివి ఇదే నమ్మినా. మా అమ్మ చెప్పింది, అత్త చెప్పింది, ఆటో అన్న చెప్పినాడు. కానీ అది నిజం కాదు. సిజేరియన్‌కి ముందు నడుములో వేసే మత్తుసూది గుచ్చినచోట కొన్ని రోజులు సలుపు ఉంటాది, అంతే. ఏళ్ళ తరబడి నడుము నొప్పికి అది కారణం కాదని డాక్టర్లు ఎన్నో దేశాల్లో పరిశీలించి చెప్పినారు. ఆ సూది వేసుకోకుండా మామూలు కాన్పయిన వాళ్ళకూ ఇదే నొప్పి వస్తోంది కదా, దాన్ని ఏమనాలి?

మరి నొప్పి ఎందుకు? మన పొట్ట కండరాలు నడుముకు ముందు పక్క గోడ లాంటివి. కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ ఆ గోడ సాగుతాది, కొందరికి మధ్యలో చీలి ఎడమవుతాది. కాన్పు కోసం ఒళ్ళు తయారయ్యేటప్పుడు కీళ్ళ దగ్గర పట్టు కూడా వదులవుతాది. ఆ వదులు బిడ్డ పుట్టగానే బిగుసుకోదు, నెలలు పడతాది. సిజేరియన్ అయితే ఆ గోడ మీదనే కోత. పైన కుట్లు వారం పది రోజుల్లో ఆరిపోతాయి, చూసేవాళ్ళకు నయమైనట్టే కనిపిస్తాది. లోపల పొరలు అతుక్కోవడానికి ఆరు వారాలు తక్కువ కాదు. అంతవరకు బిడ్డ కంటే ఎక్కువ బరువు ఎత్తొద్దని డాక్టర్లు చెప్పేది అందుకే. ముందు గోడ పని చేయనప్పుడు బరువంతా వెనక నడుము మోస్తాది. నొప్పి పుట్టేది అక్కడ.

ఇప్పుడు మా వదిన ఆరు వారాలు ఎట్లా గడిచినాయో చెప్తా.

అయిదో రోజు మంచం ఖాళీ చేయమన్నారు. దింపిన బండి మెయిన్ రోడ్డు దాకానే వచ్చింది, కాలనీకి దారి లేదు. కుట్లు పట్టుకుని గుంతల్లో నడిచి ఇంటికొచ్చింది. ఇంట్లో మంచం లేదు. చాప మీద పడుకుని, లేచిన ప్రతిసారీ పొట్ట బిగబట్టి లేవాల. నీళ్ళ కుళాయి వీధి చివర. తొమ్మిదో రోజు బిందె ఎత్తింది. ఎవరూ ఎత్తమని చెప్పలేదు, నిజమే. ఎవరూ వద్దని కూడా చెప్పలేదు. అన్న తోటకు పోయినాడు, వాళ్ళమ్మ కూలి పోగొట్టుకుని నాలుగు రోజులే ఉండగలిగింది. ఇరవై అయిదో రోజు వదిన కాయలు కోసేదానికి పోయింది. టమాటా కోతంటే తెలియని వాళ్ళకు చెప్తున్నా: పొద్దున ఆరింటి నుంచి వంగిన నడుము వంగినట్టే, తర్వాత పాతిక కిలోలు దాటిన క్రేటు గట్టు మీదికి. బిడ్డ చెట్టు కింద చీర ఉయ్యాల్లో. పాలివ్వాలంటే నేల మీద కూర్చుని మళ్ళీ వంగడమే.

ఆ నొప్పి సూదిది అంటారా?

సూదిని తిట్టడంలో అందరికీ ఒక సుఖం ఉండాది. సూది తప్పయితే మేస్త్రి తప్పు లేదు, మొగుడి తప్పు లేదు, అయిదో రోజు మంచం ఖాళీ చేయించిన వాళ్ళ తప్పు లేదు, కాలనీకి రోడ్డు వేయనోళ్ళ తప్పు లేదు. అయిపోయిన సూదిని ఎవరు బోనెక్కిస్తారు? పైగా ఆ భయంతోనే నిజంగా ఆపరేషను అవసరమైన చెల్లెళ్ళు కూడా ఆసుపత్రికి పోవడానికి వెనకాడుతున్నారు. అది ఇంకా ప్రమాదం.

ఇంకో మాట మనవాళ్ళనే అనాల. "మన ఆడోళ్ళు గట్టోళ్ళు, కనేసి మర్నాడే పనికి పోయేటోళ్ళు." ఈ మాట మన మీటింగుల్లో మైకు పట్టుకుని చెప్తారు, బయటి నుంచి వచ్చిన మద్దతుదారులు చప్పట్లు కొడతారు. నేను కూడా కొట్టినా. ఆ గట్టితనం ఎక్కడిది? ఇంట్లో బియ్యం లేక వచ్చింది. అప్పు ఉండి వచ్చింది. మా అవ్వ నడుము ఎప్పుడూ సగం వంగే ఉండేది, దాన్ని మేము ముసలితనం అనుకున్నాం. లెక్కేసి చూస్తే అప్పటికి ఆమెకు యాభై కూడా లేవు. ఇంకోసారి ఎవరన్నా ఈ గట్టి ఆడోళ్ళ మాట ఎత్తితే, ఆ ఆడమనిషిని ఒకసారి నేల మీద నుంచి లేవమని అడగండి, ఎట్లా లేస్తాదో చూడండి.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పటి నుంచి కంపెనీల్లో, ఆఫీసుల్లో పనిచేసే తల్లికి మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు జీతంతో సెలవు. న్యాయమైన చట్టం, ఎవరూ కాదనరు. కానీ నడుము ఆఫీసులో కూర్చునే అమ్మకు ఒకటి, కుప్పంలో మల్బరీ ఆకు మోపు మోసే అమ్మకు ఒకటి ఉండదు కదా. మనకు 26 వారాలు కాదు, 26 రోజులు కూడా దిక్కు లేదు. 2013 ఆహార భద్రత చట్టం నాలుగో సెక్షను గర్భిణికి, బాలింతకు 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంటాది. మాతృ వందన పథకంలో ఇచ్చేది మొదటి కాన్పుకు 5,000. రెండో కాన్పుకు ఆడబిడ్డ పుడితేనే 6,000, మగబిడ్డయితే లేదు. మగబిడ్డను కన్న తల్లి నడుము ఇనుముతో చేసిందా? ఆధార్‌లో పేరు తప్పుంటే ఆ డబ్బు కూడా రాదు. మన వాళ్ళలో ఆధార్ పేరు సరిగ్గా ఉన్న ఇల్లు వెతకాల.

2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం ఉంది. సర్కారు ఆసుపత్రిలో సిజేరియన్ ఉచితం, మందులు ఉచితం, ఏడు రోజులు తిండి ఉచితం, ఇంటికి దింపేది ఉచితం. ఏడు రోజులు అని గుర్తు పెట్టుకోండి, అయిదో రోజు పొమ్మంటే అడగండి. ఇంటికొచ్చాక ఆశా అక్క 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాల. ఆమె చేతిలో ఫారం ఉంటాది. జ్వరముందా, రక్తం ఎంత పోతోంది, పాలు పడుతున్నాయా, ఎన్నిసార్లు తింటున్నావు. మంచి ప్రశ్నలే. నడుము నొప్పి ఉందా, బరువు ఎత్తుతున్నావా, పనికి పోతున్నావా అనే ప్రశ్న అందులో లేదు. ఆశా అక్కను తప్పు పట్టడం లేదు, ఫారం రాసినోళ్ళ ఊహకు ఈ కాలనీలు రాలేదు. కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒక ఉపకేంద్రం పెట్టాలని లెక్క, మైదానంలో 5,000కు. మన పడమటి మండలాలు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కాబట్టి మనది మైదానం లెక్క. యానాదుల కోసం పెట్టిన ఐటీడీఏ ఎక్కడో నెల్లూరులో. కాగితం మీద గిరిజనులం, ఆసుపత్రి లెక్కలో కాదు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన విషయానికి వస్తా. ఆంధ్రలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూరు కాన్పుల్లో 42 సిజేరియన్లు. ప్రైవేటులో అయితే 63. అంటే దాదాపు సగం మంది తల్లులకు ఈ కోత, ఈ నడుము. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్న వాళ్ళు మన రాష్ట్రంలో దాదాపు 9 శాతం, దేశం మొత్తం మీద 3 శాతం దగ్గర. మన ఆడవాళ్ళ సంచులు మాత్రమే చెడిపోయినాయా? లేదు. దారి ఇట్లా ఉంటాది: కాన్పు తర్వాత నడుము నొప్పి, పల్లెలో ఆర్ఎంపీ దగ్గర సూది, రెండు రోజులు హాయి, మళ్ళీ నొప్పి, మళ్ళీ సూది, ఏడాదికి స్కానింగు, తర్వాత "తీసేస్తే పోతాది". సంచి తీసేస్తే నడుము కండరం గట్టిపడదు. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు అప్పుడే ఆగి ఎముకలు ముందే గుల్లబారుతాయి, నడుము ఇంకా పోతాది. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం మార్గదర్శకాలు రాసింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మన మండలంలో ఒక్కరికైనా ఈ సంగతి తెలుసా?

మేము వదినను అప్పు చేయకముందే సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయినాం. అక్కడ డాక్టరమ్మ పరీక్ష చేసి, స్కానింగు చూసి, సంచికి ఏమీ లేదనింది. పొట్ట మీద వేలు పెట్టి చూపించింది, మధ్యలో కండరాలు ఎడమైనాయని. ఫిజియోథెరపీకి పంపింది. అక్కడ నేర్పింది పెద్ద విద్య ఏమీ కాదు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, ఊపిరి వదుల్తూ పొట్ట లోపలికి లాగి, నడుమును చాపకు ఒత్తడం. ఒంటేలు ఆపుకున్నట్టు కింద కండరం బిగించి వదలడం. రోజూ కొంచెం నడక. పద్నాలుగు నెలలు ఎవరూ ఈ ముక్క చెప్పలేదు.

కాబట్టి బాలింత ఉన్న ఇంట్లో మగపిల్లలు ఇది చదవండి. లేవాలంటే నేరుగా లేవనీయొద్దు, పక్కకు తిరిగి చేతి మీద బరువేసి లేవాల. పాలిచ్చేటప్పుడు గోడకు ఆనించి, నడుము వెనక మడిచిన పాతచీర పెట్టండి, ఒళ్ళో దుప్పటి మడిచి బిడ్డను పైకి తెండి, తల్లి వంగకూడదు. రాత్రి పక్కకు పడుకుని పాలివ్వొచ్చు. నడుముకు వేడినీళ్ళ కాపడం పెట్టండి, కోత మీద వద్దు. బాలింతకు నీళ్ళు ఎక్కువ తాపకూడదనే పథ్యం మానండి. మలబద్ధకం వచ్చి ముక్కితే కోతకు, నడుముకు రెండింటికీ దెబ్బ. నడికట్టు హాయిగా ఉంటే కట్టుకోవచ్చు, కట్టుకుని బిందె ఎత్తమని కాదు. సర్కారిచ్చే కాల్షియం, ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత ఆరు నెలలు మింగాల. పారాసిటమాల్ పాలిచ్చే తల్లి వేసుకోవచ్చు, డాక్టరు చెప్పిన లెక్కలో. ఆరు వారాలు బిందె నువ్వు మొయ్యి తమ్ముడూ. ఎవరన్నా నవ్వితే నవ్వనీ.

కొన్నిటికి మాత్రం ఇంట్లో ఉండొద్దు. కాళ్ళు తిమ్మిరెక్కి బలం లేకపోతే, ఒంటేలు రాకపోతే లేదా తెలియకుండా పోతే, నడుము నొప్పితో జ్వరమొస్తే, కోతలో చీము పడితే, ఒక పిక్క వాచి నొప్పి పెడితే, కూర్చుంటే తల పగిలినట్టుండి పడుకుంటే తగ్గితే, 108కి చేయండి. ఆర్ఎంపీ సూది కోసం ఎదురుచూడొద్దు.

గర్భసంచి తీయాలని ఎవరు చెప్పినా, సంతకం పెట్టకముందు సర్కారు ఆసుపత్రిలో రెండో డాక్టరుకు చూపించండి. ఆ కాగితాలు ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి.

వచ్చే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తున్నాం. మూడే అడుగుతున్నాం. సిజేరియన్ తల్లికి ఏడు రోజుల మంచం, తిండి కచ్చితంగా ఇవ్వాల. ఆశా ఫారంలో నడుము నొప్పి, బరువు పని గురించి ప్రశ్న చేర్చి, నొప్పి ఉన్నవాళ్ళను ఫిజియోథెరపీకి పంపాల. కూలికి పోయే తల్లికి ఆరు నెలల కూలి డబ్బు, ఎన్నో కాన్పు, ఏ బిడ్డ అని చూడకుండా ఇవ్వాల. పుంగనూరు, కుప్పం వైపు నుంచి వచ్చేవాళ్ళు మీ ఇంట్లో ఆపరేషను కాన్పయిన వాళ్ళు ఎన్నో రోజు ఇంటికొచ్చినారో, ఎన్నో రోజు పనికి పోయినారో ఒక కాగితం మీద రాసి తెండి. పేర్లు అక్కర్లేదు, రోజుల లెక్క చాలు.

వదిన కూడా వస్తానంటోంది. బస్సులో కూర్చోగలవా అంటే, "కిటికీ పక్క సీటు, నడుము వెనక చీర మడత ఉంటే వస్తా" అనింది. మేస్త్రికి అన్న ఫోన్ చేసి డబ్బు వద్దని చెప్పినాడు. ఆయనకు కోపమొచ్చింది.