రైలు పట్టా, ఫైబర్ తీగ: ఈ చర్చలో మన గొంతు ఏది?

గోదావరి డెల్టాలో కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ రెండు వాదాలు ఎదురెదురుగా నిలుస్తున్నాయి. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై మూడు పెద్ద వంతెనలు కట్టి, దాదాపు 57 కిలోమీటర్ల పట్టా వేయడానికి అంత ధనం వెచ్చించడం అవసరమా అన్నది ఒక వాదం. రోడ్డు వంతెనలు ఉన్నాయి, బస్సులు తిరుగుతున్నాయి, ఇక ఇంటింటికీ వేగవంతమైన ఇంటర్నెట్ ఇస్తే చాలు, చదువూ ఉద్యోగమూ ఇంటి వద్దకే వస్తాయి అని ఆ పక్షం వారు అంటారు. తీగ ద్వారా కొబ్బరి బస్తా పోదు, కాన్పు నొప్పులతో ఉన్న తల్లి పోదు, రైలు కావలసిందే అన్నది రెండో వాదం. ఈ రెండు వాదాల నడుమ ముస్లిముల మాట దాదాపుగా వినిపించడం లేదు. మస్జిద్, ఖబరస్తాన్, వఖ్ఫ్ భూమి, రిజర్వేషన్ వంటివే మైనారిటీ సమస్యలనీ, రైలూ ఇంటర్నెట్టూ అందరి సమస్యలు గనుక వాటి సంగతి అందరూ చూసుకుంటారనీ ఒక అభిప్రాయం మన సమాజంలో స్థిరపడింది. ఆ అభిప్రాయం డెల్టా ముస్లిములకు నష్టం కలిగిస్తున్నదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు రైలు సంగతి చూద్దాం. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలు నడిచింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, ఇనుము అవసరమని ఆ పట్టాలను ఊడదీసుకుపోయారు. వాటి స్థానంలో తిరిగి పట్టాలు పడడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది. 2004లో ఆ మార్గం మళ్లీ తెరుచుకుంది. ట్రామ్ బండిని తలపించే ఒంటిపెట్టె రైలుబస్సు దానిపై కొన్నేళ్లు తిరిగి, కోవిడ్ కాలంలో ఆగిపోయింది. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వరకు మార్గాన్ని పొడిగించే పనికి, అమలాపురం నుంచి లోక్‌సభకు ఎన్నికైన జి.ఎం.సి. బాలయోగి స్పీకర్‌గా ఉన్న కాలంలో, 2000–01 రైల్వే బడ్జెట్‌లో మంజూరు లభించింది. ఆనాడు పుట్టిన పిల్లలు నేడు ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. గౌతమిలో స్తంభాలు లేచాయి గాని అమలాపురానికి రైలు కూత వినిపించలేదు.

ఇంటర్నెట్ కథ ఇందుకు భిన్నంగా మొదలైంది. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగే ఫైబర్‌నెట్ పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం చేపట్టినప్పుడు ముందుగా వెలుగులోకి వచ్చిన గ్రామం కోనసీమలోని మోరి. 2016 డిసెంబరులో ఆ గ్రామాన్ని స్మార్ట్ గ్రామంగా ప్రకటించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ ఇస్తామన్నారు. మరుసటి ఏడాది డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ పథకాన్ని జాతికి అంకితం చేశారు. రైలు పాతికేళ్లలో దాటలేని నదీపాయలను తీగ కొద్దికాలంలోనే దాటింది. అయితే తీగ గ్రామానికి చేరడం వేరు, గ్రామంలోని ప్రతి గడపకూ చేరడం వేరు. తీగ ఏ వీధి దాకా వచ్చి ఆగింది, నెలవారీ రుసుము ఎవరు కట్టగలుగుతున్నారు అని అడిగినప్పుడే అసలు లెక్క తేలుతుంది.

ఈ లెక్క అడగడం మనకు ఎందుకు ముఖ్యమో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. ముస్లిం జనాభా వాటా పెరిగే కొద్దీ ఆ గ్రామాల్లో పక్కా రోడ్డు, బస్‌స్టాప్, పోస్టాఫీసు వంటి సదుపాయాలు తగ్గుతున్నాయని ఆ కమిటీ గమనించింది. ముస్లిములు అధికంగా ఉన్న చిన్న గ్రామాల్లో సుమారు మూడో వంతుకు బడే లేదని నమోదు చేసింది. సచార్ నివేదిక అనగానే ఉద్యోగాల శాతాలే మనకు గుర్తుకు వస్తాయి. బస్‌స్టాప్ గురించిన ఆ పేజీలను మాత్రం అంతగా ఎవరూ తిరగేయరు. నేటి బస్‌స్టాప్ రైల్వే హాల్టు, నేటి పోస్టాఫీసు ఇంటర్నెట్ తీగ అనుకుంటే ఆ పేజీలు ఎంత సమకాలీనమైనవో అర్థమవుతుంది.

డెల్టా ముస్లిముల పరిస్థితి ఇంకొక విధంగా క్లిష్టమైనది. కర్నూలులోనో గుంటూరులోనో ఉన్నట్టు ఇక్కడ మనవారి పెద్ద పేటలు అరుదు. రాజమహేంద్రవరం, కాకినాడ వంటి పట్టణాలను విడిచి లోపలికి వెళితే ఒక్కో ఊరిలో పది ఇళ్లు, పదిహేను ఇళ్లు. మైనారిటీల కోసం ఉద్దేశించిన ప్రాంతీయ అభివృద్ధి పథకాలు వారి జనాభా అధికంగా ఉన్న ప్రాంతాలను ఎంచుకుని అమలవుతాయి. చెదురుమదురుగా ఉన్న కుటుంబాలు ఆ గీతకు బయటనే ఉండిపోతాయి. ప్రత్యేక పథకం అందని చోట ఉమ్మడి సదుపాయమే ఏకైక ఆధారం. కాబట్టి ఊరందరి రైలు, ఊరందరి ఇంటర్నెట్ గురించి మాట్లాడవలసిన అవసరం మిగతావారి కంటే ఈ పదిళ్ల వారికే ఎక్కువ.

తీగ తెగితే ఏమవుతుందో కోనసీమ 2022లో చూసింది. జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు జోడించాలన్న ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో హింస చెలరేగింది. రాజ్యాంగ నిర్మాత పేరును అడ్డుకోవడానికి ఇళ్లు తగులబెట్టిన వారి చర్యను ఏ ప్రజాస్వామికవాదీ సమర్థించడు. కానీ ఆ అల్లర్లతో ఏ సంబంధమూ లేని లక్షలాది మందికి రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ నిలిచిపోయింది. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ జిల్లా దాటి పోయారు. కువైట్‌లోనో ఖతర్‌లోనో ఇంటిపనికి వెళ్లిన తల్లి తన బిడ్డ ముఖం చూసుకునేది ఆ తెర మీదనే. గల్ఫ్ వలస ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో ఇంటర్నెట్ ఆపివేత అంటే కుటుంబాలను విడదీయడమే. 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఇంటర్నెట్‌ను నిరవధికంగా ఆపరాదు, ఆపిన ఉత్తర్వును ప్రకటించాలి, అది అవసరానికి మించి ఉండరాదు. తీగ అడిగేవారు ఈ తీర్పును కూడా చేతపట్టుకుని అడగాలి. అధికారి తలచినప్పుడు వచ్చి, తలచినప్పుడు పోయే సదుపాయం హక్కు అనిపించుకోదు.

ఇక మన సంస్థల సంగతి. వఖ్ఫ్ ఆస్తుల వివరాలన్నీ నమోదు చేయాలంటూ కేంద్రం 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించి ఆరు నెలల గడువు పెట్టింది. ఆ చట్ట సవరణపై మనకు తీవ్రమైన అభ్యంతరాలు ఉన్నాయి, ఉంటాయి. అయినా గడువు దగ్గర పడినప్పుడు ముతవల్లీలు పత్రాలు స్కాన్ చేయించడానికి, వాటిని పోర్టల్‌లోకి ఎక్కించడానికి పడిన పాట్లు చిన్నవి కావు. ఆఖరి రోజుల్లో పోర్టల్ మొరాయించిందన్న ఫిర్యాదులు దేశమంతటా వచ్చాయి. గడువును అందరికీ పొడిగించడానికి డిసెంబరు 1న సుప్రీంకోర్టు నిరాకరించి, ఇబ్బంది ఉన్నవారు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చన్నది. తాతలు దైవమార్గంలో ఇచ్చిన సెంటు భూమి నిలవడం కూడా ఇంటర్నెట్ వేగం మీద ఆధారపడిన కాలమిది. స్కాలర్‌షిప్ దరఖాస్తు, హజ్ దరఖాస్తు కూడా ఆ తెర మీదుగానే సాగుతున్నాయి. ఇన్ని చూసిన తరువాత కూడా ఫైబర్ తీగ మైనారిటీ సమస్య కాదనగలమా?

ఆడపిల్లల చదువు విషయంలో మరొక తీర్పును గుర్తు చేస్తాం. కేరళలో కోజికోడ్ ప్రాంతపు విద్యార్థిని ఫహీమా షిరిన్‌ను, సాయంత్రం వేళ మొబైల్ ఫోను వాడరాదన్న నియమాన్ని అంగీకరించనందుకు హాస్టల్ నుంచి పంపివేశారు. ఆమె హైకోర్టుకు వెళ్లింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ గోప్యతా హక్కులోనూ భాగమని 2019 సెప్టెంబరులో న్యాయస్థానం తీర్పు చెప్పింది. దేశంలో ఈ హక్కుకు బాట వేసినవారిలో ఒక ముస్లిం బాలిక ఉందన్నది మన ఇళ్లలో చెప్పుకోవలసిన మాట. అయితే ఇంటర్నెట్ వచ్చింది గనుక ఆడపిల్ల కాలేజీకి పోనక్కరలేదు, ఇంట్లోనే చదువుకోవచ్చు అనే వారితో మేము ఏకీభవించము. రైలు వద్దు, తీగ చాలు అనే వాదం మన ఇళ్లలో ఈ రూపం దాలుస్తుంది. అమలాపురం నుంచి కాకినాడకు తక్కువ ఛార్జీతో, వెలుతురు ఉన్న స్టేషన్ల మీదుగా రైలు నడిస్తే, బస్సు ఛార్జీలకు వెనుకాడో, చీకటి పడుతుందని భయపడో చదువు మానిపించే తండ్రికి ఒక సాకు తగ్గుతుంది. ఆ పిల్లకు తెరా కావాలి, తరగతి గదీ కావాలి.

రైలు వల్ల భూమి కోల్పోయే రైతుల ఆవేదన న్యాయమైనది. కొబ్బరి తోట ఒక తరం పెంచితే మరొక తరం తినేది. కానీ పరిహారం చర్చ భూయజమానితోనే ఆగిపోకూడదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ఆ భూమిలో మూడేళ్లుగా పనిచేస్తూ దానిపైనే బతుకుతున్న కౌలుదారులు, వ్యవసాయ కూలీలు కూడా ప్రభావిత కుటుంబాలే. సొంత భూమి లేకుండా కాయ దింపు, పీచు, చిన్న వ్యాపారాల మీద బతికే మనవారు, వారి పక్కనే బతికే దళిత, వెనుకబడిన కులాల వారు ఈ నిబంధనను తెలుసుకుని పేర్లు నమోదు చేయించుకోవాలి. ఇది కలిసి అడగవలసిన హక్కు. ఒంటరిగా అడిగితే వినేవారుండరు.

అందుచేత రైలా, తీగా అన్న ప్రశ్నను మేము తిరస్కరిస్తున్నాం. రెండూ కావాలి. వాటితో పాటు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. రైలు మార్గం ఏ ఏడాదికి ఎంత పూర్తవుతుందో ప్రభుత్వం బహిరంగంగా ప్రకటించాలి. పట్టా పడిన తరువాత ఎక్స్‌ప్రెస్‌లు మాత్రమే పరుగెత్తే మార్గం కాకుండా, కూలీలకూ విద్యార్థులకూ పనికివచ్చే వేళల్లో చిన్న హాల్టుల్లో ఆగే ప్యాసింజరు బండ్లు ఉండాలి. ఆగిన కాకినాడ–కోటిపల్లి సర్వీసు ముందుగా తిరిగి నడవాలి. ఫైబర్ తీగ చివరి వీధి వరకు రావాలి. ప్రభుత్వ పాఠశాలలకు, ఉర్దూ మాధ్యమ పాఠశాలలకు, అంగన్‌వాడీలకు ఉచితంగా అందాలి.

మన వంతు పని కూడా ఉంది. గ్రామసభలో లేచి మాట్లాడడం ప్రతి పౌరుడికీ ఉన్న హక్కు. రైలు గురించి, ఇంటర్నెట్ గురించి సభ జరిగినప్పుడు ప్రతి జమాఅత్ నుంచి కనీసం ఇద్దరు, వారిలో ఒకరు స్త్రీ, వెళ్లి తమ వీధి పేరు చెప్పి అడగాలి. మస్జిద్ కమిటీలు ఒక గదిలో కంప్యూటరు, కనెక్షను ఏర్పాటు చేసి, దరఖాస్తులు నింపడం తెలిసిన యువతీయువకులకు ఆ బాధ్యత అప్పగించాలి. ఆ గది తలుపు ఇరుగుపొరుగు వారందరికీ తెరిచి ఉండాలి.

గౌతమి స్తంభాల మీద పట్టా పడే రోజు ఇన్షా అల్లాహ్ వస్తుంది. ఆ బండి ఏయే ఊళ్లలో ఆగాలో నిర్ణయించే కాగితం ఆ రోజుకు చాలా ముందే సిద్ధమవుతుంది. మన వినతిపత్రం ఆ కాగితం కంటే ముందు అధికారి బల్ల మీదికి చేరాలి.