బరువు పంచుట

నిరుటి పంటకాలమున మా జుక్కల్‌లో సోయాబస్తాలతో ఎత్తుబాట నెక్కుచున్న ట్రాక్టరొకటి, ముందు చక్రములు నేలవిడువగా, ప్రక్క గుంటలోనికి జారెను. బస్తాలపై గూర్చున్న స్త్రీలు దైవవశమున బ్రతికిరి. రెండు చక్రముల ఆ ట్రాలీలో బస్తాలన్నియు ముందువైపుననే వేసిరి. ఆ బరువు కొక్కెముపై బడి, ట్రాక్టరు వెనుకభాగమును క్రుంగదీసి ముందుభాగమును లేపినది. ఎక్కించునపుడు మేము వాకిట నిలిచి చూచియు నోరు మెదపకపోతిమి.

ఎడ్లబండ్లవారికిది తెలిసిన సంగతియే. బరువు మిక్కిలి ముందునకు మొగ్గినచో ఎద్దుల మెడలు క్రుంగును. వెనుకకు మొగ్గినచో కాడి పైకి లేచును. ఇరుసునకు రవంత ముందుగా మొగ్గుంచుటయే నేర్పు.

అమెరికాలో కారువెనుక ఇంటిబండిని గట్టుకొని విహరించు మా చెల్లెలి కుటుంబమునకును ఇదే చిక్కు. బండిబరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు కొక్కెముపై నుండవలెను. లేనిచో బండి తోకవలె ఊగును. ఉన్నచో కారు ముందుభాగము లేచును. అందుకై కొక్కెమునుండి బండిచట్రమునకు రెండు ఉక్కుకమ్ములు సాచి గొలుసులతో బిగింతురు. అవి కొంత బరువును కారు ముందుచక్రములకును, బండిచక్రములకును పంచును. తగిలింపకమునుపు ముందుచక్రముపై అంచు నేలకెంత యెత్తుననున్నదో కొలిచి, తగిలించినపిదప ఇంచుమించు ఆ యెత్తు వచ్చువరకు బిగింపవలెను. అయినను కారు లాగగల బరువును ఆ కమ్ములు పెంచజాలవు.

మన ట్రాలీలకట్టి కమ్ములు లేవు; బస్తాలమర్పులోనే జాగ్రత్త వహింపవలెను. బస్తాలపై మనుష్యులను ఎక్కనీయరాదు. ఈ యేడు మేము నోరు మెదపక యుండము.